పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా: ఒక ఫార్వర్డ్ వెనక కథ

బైకు మీద ఇద్దరు వస్తారు. వీధిలో ఆడుకుంటున్న పిల్లల్ని దాటి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి, ఒక పిల్లాణ్ని ఎత్తుకుని దూసుకుపోతారు. 2018 వేసవిలో మన ఫోన్లలో తెగ తిరిగిన ఈ వీడియో కరాచీలో తీసింది. పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండమని తల్లిదండ్రులకు చెప్పడానికి రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ చేయించిన ప్రచార చిత్రం అది. అసలు వీడియోలో బైకు తిరిగొస్తుంది, పిల్లాణ్ని దించుతారు, కరాచీలో పిల్లల్ని ఎత్తుకుపోవడం ఎంత సులువో రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. ఇక మిగిలింది ‘మన పక్క ఊళ్లోనే జరిగింది’ అని కింద రాసుకోవడమే.

పుకార్లు మనకు కొత్తేం కాదు. తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న ఊళ్లున్నాయి. ఇన్ని కాపీలు అచ్చు వేయించి పంచితే శుభం, చించేస్తే నష్టం అని బెదిరించే దేవుడి కరపత్రాలు చాలా ఇళ్లకు వచ్చేవి. 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని గుళ్ల ముందు జనం బారులు తీరారు. వాటితో పోయింది చాలావరకు పాలు, కాగితం, కాస్త నిద్ర.

2012 ఆగస్టులో సంగతి మారింది. దాడులు జరగబోతున్నాయన్న ఎస్ఎంఎస్‌లు చూసి ఈశాన్య రాష్ట్రాల వాళ్లు వేలమంది బెంగళూరు వదిలి గువాహటి రైళ్లెక్కారు. అప్పుడు కేంద్రం చేసిన పని, ఒకేసారి ఐదుగురికి మించి ఎస్ఎంఎస్ పంపకుండా 15 రోజులు ఆంక్ష పెట్టడం. ఈ ఐదు అంకె గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది, వీడియో పల్లెకు చేరింది. పేపర్లో రాస్తే ‘వాళ్లదంతా ఆ పార్టీయే’ అని కొట్టిపారేసే మనిషి కూడా బామ్మర్ది పంపిన వీడియోను అనుమానించడు. వార్త ఎక్కడిదన్నది ఎవరూ అడగరు, ఎవరు పంపారన్నదే చూస్తారు.

2018 మేలో తెలుగు రాష్ట్రాల్లో ‘పిల్లల్ని ఎత్తుకెళ్లే పార్థీ గ్యాంగ్ దిగింది’ అన్న మెసేజ్‌లు ముంచెత్తాయి. భాష రాని కూలీలు, మతి స్థిమితం లేనివాళ్లు, బిచ్చగాళ్లు దెబ్బలు తిన్నారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో రంజాన్ నెలలో అడుక్కోవడానికి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు.

అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో మాత్రం అలాంటి చావు ఒక్కటీ జరగలేదు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ని అప్పగించి, తరచూ వెళ్లి జనంతో మాట్లాడి రమ్మనేవారు. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకోవాల్సిన జనం పొద్దుగూకగానే తలుపులు బిడాయించుకుంటున్నారన్న సంగతి అలా బయటపడింది. ఆరా తీస్తే ఫోన్లు చూపించారు. పోలీసులు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో సభ్యులుగా చేరారు. జానపద కళాకారుల్ని తీసుకెళ్లి, డప్పు కొట్టించి, పాటలతో అది అబద్ధమని చెప్పించారు. ఈ మొత్తం కథలో నాకు అసలు పాఠంలా కనిపించేది ఇదే. మెసేజ్ ఎంత దగ్గరి మనిషి నుంచి వస్తోందో, ఖండన కూడా అంత దగ్గరి మనిషి నోటి నుంచే రావాలి. కలెక్టరేట్ ప్రకటనతో అయ్యే పని కాదు.

జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురు సంచార జాతి వాళ్లను చంపేశారు. 13న బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ యువకుడు ఒకరు బలయ్యాడు. కేంద్రం ఆ నెలలోనే వాట్సాప్‌కు రెండు ఘాటు లేఖలు రాసింది. కంపెనీ పేపర్లలో పేజీ నిండా ప్రకటనలిచ్చింది, ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు తెచ్చింది, ఇండియాలో ఒకేసారి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అంది. అదిగో, మళ్లీ ఐదే. 2020 ఏప్రిల్‌లో, బాగా చేతులు మారిన మెసేజ్‌కు ఒక్క చాటే అంది. పుకారు నెమ్మదించే మాట నిజమే. కానీ గ్రూపుల సంఖ్యకు లోటేముంది?

కరోనా వచ్చే నాటికి, చికెన్ తింటే అది అంటుకుంటుందన్న పుకారుతో భయం కోడి మీదకు మళ్లింది. 2020 ఫిబ్రవరి చివర్లో కేటీఆర్, ఈటల, తలసాని లాంటి మంత్రులే హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ సొంత ఫ్యాక్ట్‌చెక్ సైట్లు తెరిచాయి. ప్రభుత్వం తన మీద వచ్చిన వార్తకు తానే తీర్పు చెబితే ఎంతమంది నమ్ముతారన్నది వేరే ప్రశ్న. కేంద్రం తలపెట్టిన అలాంటి యూనిట్‌ను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబర్‌లో కొట్టేసింది.

ఇక 2021 ఐటీ రూల్స్‌లో, మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలన్న నిబంధన ఉంది. దాన్ని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ చదవకుండా వేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్ విప్పమంటే దేశం వదిలి పోతామని 2024 ఏప్రిల్‌లో కోర్టుకే చెప్పింది. అయినా, కరాచీ వీడియో విషయంలో ఆ ‘మొదటి మనిషి’ ఎవరు? తీసినవాళ్లు మంచి పనే చేశారు. చివరి ముక్క కోసినవాడు ఏ దేశంలో ఉన్నాడో. ఇక మన జిల్లా గ్రూపులో మొదట పెట్టింది బహుశా పిల్లల గురించి నిజంగానే బెంగపడ్డ ఏ తండ్రో అయ్యుంటాడు.