హాలు తాళం ఎవరి చేతిలో: దక్షిణ తెలంగాణలో సభల అనుమతి వెనుక చరిత్ర

నల్లగొండలోనో పాలమూరులోనో ఒక హక్కుల సంఘం సదస్సు పెట్టుకుంటుంది. కరపత్రం బయటికొచ్చిన రెండు మూడు రోజులకు స్టేషన్ నుంచి ఫోను పోతుంది. ఆ ఫోను నిర్వాహకులకు కాదు, ఫంక్షన్ హాలు యజమానికి. "ఎవరికిచ్చిన్రు హాలు? ఏం మీటింగది? పర్మిషన్ కాగితం చూసిన్రా?" ఈ మూడు ప్రశ్నలు చాలు. హాలు లైసెన్సు, పార్కింగు, ఫైర్ సర్టిఫికెట్ అన్నీ ఆయనకు ఒక్కసారే గుర్తొస్తాయి. పొద్దుగూకేసరికి అడ్వాన్సు వాపసు చేసి, "మావోళ్ల పెండ్లి పడ్డది, ఏమనుకోకండ్రి" అంటాడు. తర్వాతి వంతు మైకుసెట్టు వాడిది, ఆ తర్వాత టెంటు వాడిది. సభను ఎవరూ నిషేధించలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. కోర్టుకు వెళ్లాలంటే చూపడానికి చేతిలో ఒక్క కాగితం ఉండదు.

ఈ పద్ధతిలో అసలు కీలకం అదే. కాదన్న మాట నోటితో చెప్తారు, భయాన్ని పక్కవాళ్ల మీదుగా పంపిస్తారు.

గష్తీ 53 నుంచి

సభకు ముందు సర్కారు అనుమతి కావాలన్న ఆలోచన ఈ ప్రాంతంలో నిజాం కాలం నాటిది. 1929లో వచ్చిన 'గష్తీ నిషాన్ 53' (53వ నంబరు సర్కారు సర్క్యులర్) ప్రకారం బహిరంగ సభ ఏది జరపాలన్నా అధికారుల ముందస్తు అనుమతి తప్పనిసరి. మరుసటి ఏడు, 1930లో, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ఈ గష్తీ నీడలోనే జరిగింది. 1931లో దేవరకొండ, 1936లో షాద్‌నగర్, 1941లో హుజూర్‌నగర్ దగ్గరి చిలుకూరు, 1944లో భువనగిరి: మహాసభ దారిలో మన నల్లగొండ, పాలమూరు ఊళ్లు ఎన్నో ఉన్నాయి. గష్తీ 53ను రద్దు చేయాలని మహాసభ తీర్మానాలు చేసింది. గ్రంథాలయం పెట్టుకోవడానికీ, బడి తెరవడానికీ, నలుగురు కూడి మాట్లాడుకోవడానికీ అధికారి దయ కోసం చూడాల్సిన రోజుల్లో సభ జరుపుకునే హక్కే ఒక ఉద్యమ డిమాండు అయింది. ఈ నేల మీద పౌరహక్కుల మాట మొదలైంది అక్కడే అని చెప్పుకోవచ్చు.

1950లో రాజ్యాంగం వచ్చింది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును 19(1)(బి) అధికరణం ఇచ్చింది. శాంతిభద్రతల కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని 19(3) చెప్పింది. గష్తీ పోయింది కానీ అనుమతి అలవాటు పోలేదు. ఇవాళ పోలీసులు చూపేది 1861 నాటి పోలీసు చట్టం. "జిల్లాలో ఈ నెలాఖరు వరకు 30, 30(ఎ) పోలీస్ యాక్ట్ అమలు, అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు జరపరాదు" అన్న చిన్న వార్త పత్రికల జిల్లా పేజీల్లో నెలనెలా వస్తుంటుంది.

ఆ సెక్షన్ తెరిచి చదివితే ఉన్నది వేరు. అది మాట్లాడేది బహిరంగ రోడ్లు, వీధులు, దారుల మీద జరిగే సమూహాలు, ఊరేగింపుల గురించి. అదుపు లేకపోతే శాంతిభంగం కలుగుతుందని జిల్లా లేదా డివిజన్ మేజిస్ట్రేటు అభిప్రాయపడినప్పుడు, లైసెన్సుకు దరఖాస్తు చేసుకోమని పోలీసు అధికారి నోటీసు ఇవ్వవచ్చు. లైసెన్సుకు రుసుం ఉండదు. షరతులు పెట్టవచ్చు, దారి, సమయం నిర్ణయించవచ్చు. షరతు మీరిన ఊరేగింపును ఆపే అధికారం 30(ఎ) కింద ఉంది. ఉల్లంఘనకు 32వ సెక్షన్ చెప్పే గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. నాలుగు గోడల మధ్య, అద్దె కట్టిన హాల్లో జరిగే సదస్సు ఊసు అందులో లేదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో సంఘాలు హాలు మీటింగుకు కూడా "అనుమతి ఇప్పించగలరు" అని రాసి, లేని అధికారాన్ని తమ చేత్తోనే పోలీసుల చేతిలో పెడుతున్నాయి.

రోడ్ల మీద, బహిరంగ స్థలాల్లో సభల విషయంలోనూ సుప్రీంకోర్టు 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో స్పష్టంగా చెప్పింది. నియంత్రించవచ్చు కానీ, ఏ ప్రమాణమూ లేకుండా అధికారి ఇష్టానికి వదిలేసే నిబంధన చెల్లదంది. ఇక 144వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 163 అయింది. ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, కారణాలు చెప్పాలి, మామూలుగా రెండు నెలలు మించకూడదు. భిన్నాభిప్రాయాన్ని అణచడానికి దీన్ని వాడరాదనీ, ఉత్తర్వులు ప్రచురించాలనీ 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ ఫోనుకు అంత బరువెందుకు

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే హాలు యజమాని ఒక్క ఫోనుకే ఎందుకు వణకాలి? ఆయన పిరికివాడని కాదు. ఈ రెండు పాత జిల్లాలు చూసినవి తక్కువ కాదు.

పౌరహక్కుల సంఘం 1974లో ఏర్పడింది. మరుసటి ఏడే ఎమర్జెన్సీ వచ్చింది. ఎన్‌కౌంటర్ల మీద ప్రశ్నలు అడిగిన పాపానికి వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథంను 1985 సెప్టెంబరు 3న కాల్చి చంపారు. 1991 డిసెంబరులో అదే వరంగల్‌లో న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డిని చంపారు. ఆ తర్వాత హత్యలు దక్షిణానికి దిగాయి. 1999 మే నెలలో భువనగిరి గాయని బెల్లి లలితను చంపి ముక్కలు చేశారు. 2000 నవంబరు 23న హైదరాబాదులో పౌరహక్కుల సంఘం నాయకుడు పురుషోత్తంను, మూడు నెలలు తిరక్కుండానే, 2001 ఫిబ్రవరి 18న, నల్లగొండలో అదే సంఘం జిల్లా నాయకుడు ఆజం అలీని నరికి చంపారు. పేర్లు మార్చుకుంటూ వచ్చిన ముఠాల వెనుక పోలీసుల అండ ఉందని హక్కుల సంఘాలు ఆరోపించాయి, పోలీసులు కాదన్నారు. నల్లగొండ బజారులో దుకాణం నడిపే వాడికి ఆ తేడా తేలాల్సిన పని లేదు. మీటింగు పెట్టిన మనిషికి ఏమవుతుందో కళ్లారా చూశాడు.

పాలమూరులో ఆ కాలం ఇంకో మలుపు తిరిగింది. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ హత్యను ఏ హక్కుల కార్యకర్తా సమర్థించాల్సిన పనిలేదు. రెండు రోజుల్లో ప్రభుత్వం మావోయిస్టు పార్టీతో పాటు కొన్ని ప్రజాసంఘాలనూ, విప్లవ రచయితల సంఘాన్నీ ప్రజాభద్రతా చట్టం కింద నిషేధించింది. రచయితల సంఘం మీద నిషేధం ఆ ఏడాదిలోనే వీగిపోయింది. అయినా "ఆ సంఘం మీద నిషేధం ఉందట కదా" అన్న మాట ఊళ్లలో ఏళ్ల తరబడి మిగిలిపోయింది. 2021 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పౌరహక్కుల సంఘం సహా 16 సంఘాలను ఇలాగే నిషేధించింది, జూన్‌లో వెనక్కి తీసుకుంది. నిషేధ జీవో మీద పెద్ద వార్త వస్తుంది, రద్దు మీద చిన్న వార్త వస్తుంది. హాలు యజమాని చదివేది మొదటిదే.

రాష్ట్రం వచ్చాక ఇది తగ్గుతుందని చాలామంది నమ్మారు. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్‌కు ముందు జిల్లాల్లో జరిగిన ముందస్తు అరెస్టులను, హైదరాబాదు దారుల మీద బారికేడ్లను స్వయంగా ఎదుర్కొన్న జనం కాబట్టి ఆ ఆశ సహజం. 2015 సెప్టెంబరు 30న ఎన్‌కౌంటర్‌కు నిరసనగా ప్రజాసంఘాలు పిలుపునిచ్చిన 'ఛలో అసెంబ్లీ'కి అవే ముందస్తు అరెస్టులు వచ్చాయి. 2017 ఫిబ్రవరి 22న నిరుద్యోగ ర్యాలీకి ముందు కోదండరామ్‌ను తెల్లవారకముందే ఇంటి నుంచి తీసుకెళ్లారు. నల్లమల యురేనియం ఉద్యమ సమయంలో, 2019లో, అమ్రాబాద్ పోతున్న ఆయన్ను దారిలోనే ఆపారు. షాద్‌నగర్ దగ్గరి మొగిలిగిద్దలో పుట్టిన ప్రొఫెసర్ హరగోపాల్ పేరు ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్‌లో పెట్టిన యూఏపీఏ (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులో 152 మంది జాబితాలో ఉన్నట్టు 2023 జూన్‌లో బయటపడింది. ప్రభుత్వం మారింది. 2025 జనవరిలో నాగర్‌కర్నూల్ జిల్లా మైలారం గుట్ట తవ్వకాన్ని వ్యతిరేకిస్తున్న ఊరివాళ్లను కలవబోతున్న హరగోపాల్‌నూ తోటి కార్యకర్తలనూ దారిలో అదుపులోకి తీసుకున్నారు. జెండా రంగును బట్టి ఈ పద్ధతి మారదు.

కాగితం పుట్టించడం

నోటిమాటతో నడిచే వ్యవస్థను కాగితం మీదికి లాగాలి, దానికి తేదీ వేయించాలి. హాలు సదస్సుకైతే పది పదిహేను రోజుల ముందే స్టేషన్ ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ బాధ్యుడైన అధికారికి) లేఖ ఇచ్చి, డీఎస్పీకి, ఎస్పీకి నకళ్లు పంపాలి. యాదాద్రి భువనగిరి రాచకొండ కమిషనరేట్ పరిధిలో ఉన్నన్నాళ్లూ అక్కడ ఏసీపీకి, కమిషనర్‌కు ఇచ్చారు. పరిధి మారుతుంటుంది కాబట్టి ముందు కనుక్కోవాలి. లేఖలో "ఫలానా రోజు, ఫలానా సమయంలో, ఫలానా హాల్లో సదస్సు జరుపుకుంటున్నామని తెలియజేస్తున్నాం" అని ఉండాలి. ఊరేగింపు, బయట మైకు ఉంటే వాటికి మాత్రం విడిగా అనుమతి అడగాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు బయట ఎలాగూ కుదరదు.

లేఖకు జత చేయాల్సింది హాలు యజమాని సమ్మతి పత్రం, అడ్వాన్సు రశీదు. ఇవి దరఖాస్తు ఇవ్వకముందే చేతికి రావాలి. ఫోను వెళ్లాక యజమాని సంతకం పెట్టడు. ఎంతమంది వస్తారో నిజమైన అంకె రాయాలి. రెండొందల కుర్చీల హాలుకు "వేలాదిగా" అని కరపత్రంలో వేస్తే, ట్రాఫిక్ సమస్య అనే కారణాన్ని మనమే రాసిచ్చినట్టు. పాతిక మందికి ఒక వాలంటీరు, బాధ్యులుగా ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు ఇస్తే సరిపోతుంది. వక్తల ఇంటి చిరునామాలు అడిగితే ఇవ్వాల్సిన అవసరం లేదు.

రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ, తీసుకున్న వారి సంతకం ఉండాలి. "సార్ లేడు, రేపు రా" అంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోవాలి, ఎస్పీ కార్యాలయానికి ఈమెయిల్ కొట్టాలి. ఎక్కువ కేసులు చెడిపోయేది ఇక్కడే. సభకు రెండు రోజుల ముందు దరఖాస్తు పెట్టి, నోటితో కాదన్నారని హైకోర్టుకు పోతే, అప్పటిదాకా ఏం చేశారని అడుగుతారు. ముద్ర ఉన్న కాగితం ఉంటే లంచ్ మోషన్‌కు, అంటే అదే రోజు అత్యవసరంగా విచారించమని కోరడానికి, దారి ఉంటుంది. కోర్టు సాధారణంగా సమయం, సంఖ్య, శబ్దం మీద షరతులు పెట్టి అనుమతిస్తుంది. ఆ షరతులు అక్షరాలా పాటించాలి. తర్వాతి సభ కేసులో ఎదుటి పక్షం తవ్వితీసేది వాటినే.

బైండోవర్ (శాంతిగా ఉంటానని పూచీకత్తు రాయించుకోవడం) పిలుపు వస్తే అది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే చాలాచోట్ల తహసీల్దారు, ముందుకు పోవడం. శాంతిభంగం పేరుతో బీఎన్‌ఎస్‌ఎస్ 126 కింద వస్తుంది. ఏ సమాచారం మీద పిలిచారో, ఎంత మొత్తానికి, ఎంతకాలానికి పూచీకత్తు అడుగుతున్నారో 130 కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. గరిష్ఠం ఏడాది. విచారణ లేకుండా అదే రోజు సంతకం పెట్టిస్తే అది చట్టం చెప్పిన దారి కాదు. నోటీసు నకలు తీసుకుని, జవాబు రాయడానికి గడువు అడగాలి. ఖాళీ కాగితం మీద, తేదీ లేని కాగితం మీద సంతకం పెట్టకూడదు. అలా పెట్టిన సంతకమే ఆరు నెలల తర్వాత "పూచీ ఉల్లంఘన" అయి తిరిగొస్తుంది.

ముందస్తు అరెస్టుకు చూపే బీఎన్‌ఎస్‌ఎస్ 170వ సెక్షన్ (పాత 151) వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం చేయబోతున్నారని తెలిసినప్పుడు, ఆపడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే. సదస్సు నేరం కాదు. 24 గంటలు దాటి ఉంచాలంటే మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. గుమ్మం ముందు ఇద్దరు కానిస్టేబుళ్లను కూర్చోబెట్టి "హౌస్ అరెస్ట్" అనే దానికి పోలీసుల దగ్గర ఏ సెక్షనూ లేదు. ఏ ఉత్తర్వు కింద అని అడిగి, వచ్చిన సమయం, పేరు బ్యాడ్జీ, వాహనం నంబరు రాసుకోవాలి. సాక్షిగా పిలిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ 179 కింద నోటీసు కావాలి. మహిళలను, 60 ఏళ్లు దాటిన మగవారిని స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటి దగ్గరే అడగాలి.

జిల్లాలు చీలాక ఇంకో చిక్కు వచ్చింది. పాత నల్లగొండ మూడయింది, పాత మహబూబ్‌నగర్ ఐదయింది. ఒక్క సభకు వచ్చేవాళ్లు ముగ్గురు నలుగురు ఎస్పీల పరిధులు దాటాలి. హైదరాబాదు నుంచి వచ్చే వక్తలను ఒకే కారులో ఎక్కించడం పొరపాటు: పంతంగి టోల్‌గేటు దగ్గరో, రాయికల్ టోల్‌గేటు దగ్గరో ఆ ఒక్క కారు ఆగితే సభ ఆగినట్టే. ఇద్దరు ముందురోజే ఊరు చేరాలి, మిగిలినవారు బస్సుల్లో వేర్వేరుగా రావాలి. స్థానిక వక్తలు ఇద్దరైనా సిద్ధంగా ఉండాలి. ఒక న్యాయవాది సభా స్థలంలో కాకుండా కోర్టు దగ్గర ఉండాలి. సభ అయిపోయాక ముద్ర ఉన్న దరఖాస్తు, రశీదు, ఫోన్లు వచ్చిన తేదీలు, ఆపిన చోటు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి వరుస సంఖ్య వేయాలి. వచ్చే ఏడు దరఖాస్తుకు మొదటి జత కాగితం అదే.