తెర లోపలికి ఎవరు, ఎప్పుడు? అపోహలు – వాస్తవాలు

ప్రత్యక్షపు గుడారం (ఇశ్రాయేలీయులు ఎడారిలో దేవుణ్ణి ఆరాధించిన డేరా) పాఠంలో పదేపదే ఎదురయ్యే అపోహలివి. సగం చిక్కులు మోషే నాటి గుడారాన్నీ, శతాబ్దాల తర్వాత హేరోదు రాజు యెరూషలేములో తిరిగి కట్టించిన ఆలయాన్నీ ఒకే నమూనాలో కలిపేయడం వల్ల వచ్చినవే.

అపోహ: ప్రధానయాజకుడు తెర వెనకున్న అతి పరిశుద్ధ స్థలంలో చనిపోతే లాగడానికి కాలికి తాడు కట్టేవారు. బట్టలకున్న గంటల చప్పుడు ఆగిందంటే పోయినట్టే.

వాస్తవం: ప్రసంగాల్లో బాగా పండే ముచ్చట. కానీ ఈ తాడు బైబిల్లో లేదు, యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో లేదు, దాని మీది చర్చల గ్రంథమైన తల్మూదులోనూ లేదు. 13వ శతాబ్దంలో స్పెయిన్‌లో వెలుగుచూసిన జోహర్ అనే యూదు మార్మిక గ్రంథంలో కనిపిస్తుంది. అప్పటికి ఆలయం కూలి (క్రీ.శ. 70) పన్నెండు వందల ఏళ్లు. ఇక గంటలంటారా, అవి ఉండేది ఏఫోదు (ప్రధానయాజకుడు పైన వేసుకునే ప్రత్యేక వస్త్రం) కింది నిలువుటంగీ అంచుకు, దానిమ్మల మధ్య. ఏడాదికోసారి వచ్చే ప్రాయశ్చిత్త దినాన తెర దాటేముందు స్నానం చేసి చొక్కా, లాగు, నడికట్టు, పాగా, నాలుగూ వట్టి నారవే కట్టుకోవాలి (లేవీయకాండము 16:4). ఆ రోజు తెర లోపల మోగడానికి గంటలే లేవు!

వాళ్లు నిజంగా జాగ్రత్తపడింది మైల విషయంలో. మిష్నా ప్రకారం వారం ముందే ప్రధానయాజకుణ్ణి ఇంటి నుంచి వేరుగా ఉంచేవారు. అతనికేదైనా మైల తగిలితే పని ఆగకుండా ఇంకో యాజకుణ్ణి సిద్ధం చేసేవారు.

అపోహ: ఏడాదికి ఒక్కసారే లోపల అడుగుపెట్టేవాడు.

వాస్తవం: రోజు ఒక్కటే, వెళ్లడం పలుమార్లు. ముందు ధూపార్తి నిండా బలిపీఠపు నిప్పులు, రెండు గుప్పిళ్ల మెత్తటి ధూపం. పొగ కరుణాపీఠాన్ని (పది ఆజ్ఞల పలకలుంచిన మందసమనే పెట్టె మూతను) కమ్మాలి, లేకుంటే ప్రాణానికే ముప్పు. తర్వాత కోడె రక్తం, ఆపైన మేక రక్తం. ధూపార్తి వెనక్కి తేవడంతో కలిపి నాలుగుసార్లని మిష్నా లెక్క.

అపోహ: సామాన్యుడు గుమ్మం బయటే జంతువును అప్పజెప్పి వెళ్లిపోయేవాడు.

వాస్తవం: లేవీ 1 చూడండి. తెచ్చినవాడే దాని తలమీద చెయ్యి ఉంచి, వధించి, తోలు ఒలిచి, ముక్కలు చేస్తాడు. రక్తం చల్లడం, బలిపీఠం మీద పేర్చడం యాజకుల వంతు. మరోవైపు, గుడారపు సేవకు కేటాయించిన గోత్రమైన లేవీయులైనంత మాత్రాన అన్నీ చూడనిచ్చేవారు కాదు. మందసాన్ని మోసే కహాతీయులు (లేవీయుల్లో ఒక వంశం) దాన్ని చూడకూడదు. యాజకులైన అహరోను కొడుకులు అడ్డతెర దించి దానితోనే కప్పి, పైన తోలు, ఆపైన నీలిబట్ట పరిచి, మోతకర్రలు దూర్చాకే వాళ్లు భుజం పెట్టాలి (సంఖ్యాకాండము 4).

అపోహ: అపవిత్రుడంటే పాపి.

వాస్తవం: పురుటి మైల, చావు మైల ఎరిగిన తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పాలా? శవాన్ని ముట్టినవాడికి ఏడు రోజుల మైల. మూడో రోజు, ఏడో రోజు బూడిద కలిపిన నీళ్లు చల్లాలి. తండ్రిని పాతిపెట్టడం పాపం కాదు. శుద్ధి చేసుకోకుండా ఉండిపోవడమే తప్పు, అది గుడారాన్ని మైలపరుస్తుంది (సంఖ్యా 19).

అపోహ: స్త్రీల ఆవరణ, అన్యుల (యూదులు కానివారి) హద్దు మోషే పెట్టినవే.

వాస్తవం: గుడారానికి ఆవరణ ఒక్కటే: 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు. బాలింత కూడా తన అర్పణతో గుడారపు ద్వారం దగ్గరికే రావాలి (లేవీ 12:6). పరదేశి సైతం హోమం అర్పించవచ్చు (సంఖ్యా 15:14). స్త్రీల ఆవరణ, అన్యులను ఆపే రాతి కంచె హేరోదు ఆలయంలోవి. పేరు అలా ఉన్నా స్త్రీల ఆవరణలోకి పురుషులూ వచ్చేవారు. కంచె దాటిన అన్యుడి చావుకు అతనిదే పూచీ అని హెచ్చరించే గ్రీకు రాతిపలక 1871లో యెరూషలేములో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది. అపొస్తలుల కార్యములు 21లో జనం అపొస్తలుడైన పౌలు మీద ఎగబడింది ఇలాంటి అనుమానంతోనే. ఎఫెసువాడైన త్రోఫిము అనే అన్యుడు అతనితో పట్టణంలో కనిపించాడు, అంతే. ఆలయంలోకీ తెచ్చే ఉంటాడని ఊహించుకున్నారు.