ఆయిలు కలిపి తూస్తేనే ఇంజను బరువు

పొద్దున్నే కొత్తపట్నం ఒడ్డున నిలబడితే వేట నుంచి తిరిగొచ్చే ఫైబర్ బోట్లు కనిపిస్తాయి. కెరటాలు విరిగే చోటికి రాగానే బోటు కాస్త ఆగుతుంది. వెనక నుంచి మంచి కెరటం లేచేదాకా కాచుకుంటుంది. అది అందగానే ఇంజను హోరెత్తుతుంది, బోటు కెరటంతో పాటు దూసుకొస్తుంది. ఇంకో రెండు మూడు బారల్లో ఇసుక తగులుతుందనగా, అమరంలో, అంటే బోటు వెనక కొసన, కూర్చున్న మనిషి ఇంజను తల పట్టుకుని లోపలికి వంచేస్తాడు. నీళ్లలో ఉన్న ఇంజను కాలు, దాని చివర నీళ్లను నెట్టే ఫ్యాను పైకి లేస్తాయి. మరుక్షణమే బోటు అడుగు ఇసుకను గీరుకుంటూ ఆగుతుంది. వంచడం ఏమాత్రం ఆలస్యమైనా ఫ్యాను రెక్కలకు ముప్పే. ఇలా బోటు వెనక బయటివైపు తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజను అంటే ఏమిటో తెలియాలంటే ఆ ఒక్క కదలిక చూస్తే చాలు.

కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు కనిపించే మర బోట్ల సంగతి వేరు. వాటి డీజిలు ఇంజను బోటు కడుపులో ఉంటుంది. ఇరుసు అడుగులోని రంధ్రం గుండా బయటికి వెళ్లి ఫ్యానును తిప్పుతుంది. దాన్ని పైకి ఎత్తే వీలు లేదు. అందుకే ఆ బోటుకు లోతు నీళ్లు కావాలి, హార్బరో ఏటి మొగో కావాలి.

ముందు బరువు చూద్దాం. 9.9 హార్స్ పవర్ అవుట్‌బోర్డ్ సుమారు 40 కిలోలు ఉంటుంది. కర్రకు కట్టి ఇద్దరు మోసుకుపోవచ్చు, గట్టివాడైతే ఒక్కడే భుజానికెత్తుకుంటాడు. మన పొలాల్లో నీళ్లు తోడిన పాత ఆయిలింజను గుర్తుందా? ఐదు హార్స్ పవర్‌కే నలుగురు పట్టాల్సి వచ్చేది. ఎందుకంత తేడా? డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని 16 నుంచి 20 రెట్లు నొక్కి, ఆ వేడికే ఆయిలు అంటుకునేలా చేస్తారు. అంత ఒత్తిడికి తట్టుకోవాలంటే సిలిండరు, ఇరుసు, దిమ్మ అన్నీ మందంగా ఉండాల్సిందే. అవుట్‌బోర్డ్‌లా స్పార్క్ ప్లగ్గుతో నడిచే ఇంజను గాలిని అందులో సగం మాత్రమే నొక్కుతుంది, కాబట్టి అల్యూమినియంతో పలచగా పోత పోయవచ్చు. పైగా అది నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుంది. డీజిలు 2000 దగ్గర నిమ్మళంగా తిరుగుతుంది. శక్తి అంటే తిప్పే బలాన్ని తిరిగే వేగంతో గుణించడమే కనుక, ఎక్కువ చుట్లు తిరిగేది చిన్నగా ఉన్నా సరిపోతుంది.

1909లో అమెరికాలోని మిల్వాకీలో నార్వే నుంచి వచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి పెట్టిన అవుట్‌బోర్డ్ ఒకటిన్నర హార్స్ పవర్‌ది, బరువు 28 కిలోలు. అంటే హార్స్ పవర్‌కు 19 కిలోల చొప్పున. ఇప్పుడు అది నాలుగు కిలోలకు దిగింది.

ఇక వేగం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంజను రెట్టింపు చేస్తే బోటు రెట్టింపు వేగంతో పోదు. నీళ్లను చీల్చుకుంటూ పోయే బోటు అణియం (ముందు కొస) దగ్గర ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవూ పెరుగుతుంది. అల పొడవు బోటు పొడవుతో సమానమయ్యాక అమరం పల్లంలోకి దిగి, బోటు తను లేపిన అలనే ఎక్కలేక పెనుగులాడుతుంది. నీళ్లలో తొమ్మిది మీటర్ల పొడవున్న బోటుకు ఆ హద్దు గంటకు 13.5 కిలోమీటర్లు. పొడవుకు వర్గమూలం తీసి 4.5తో గుణిస్తే ఏ బోటుకైనా లెక్క తేలుతుంది: 16 మీటర్ల మర బోటుకు 18 కిలోమీటర్లు. బరువైన బోటు ఆ హద్దు దాటాలంటే ఎన్ని హార్స్ పవర్లు పోసినా ఇంకా కావాలంటూనే ఉంటుంది.

దాటే దారి ఒకటుంది. అడుగు చదునుగా ఉండి బోటు తేలికైతే, అది నీళ్లను చీల్చడం మాని వాటి మీదికి లేచి జారుతుంది. అప్పుడు వేగాన్ని తేల్చేది ఒక్కో హార్స్ పవర్ మోసే బరువు. వెయ్యి కిలోల బోటును 750కి దించితే అదే ఇంజనుతో వేగం సుమారు 15 శాతం పెరుగుతుంది. అవుట్‌బోర్డ్ వేగమంతా ఇలా బరువు తగ్గించడం వల్ల వచ్చిందే. అదే బోటులో తడి వలలు, ఐసు, చేపలు నింపి చూడండి, మళ్లీ నీళ్లను చీల్చుకుంటూ పోవాల్సిందే.

మర బోటుకు అసలు వేగంతో పని తక్కువ. అడుగు వల లాగేటప్పుడు గంటకు ఐదారు కిలోమీటర్లే పోతుంది. దానికి కావలసింది లాగే బలం. నీళ్లను వెనక్కి నెడితేనే బోటు ముందుకు పోతుంది గదా. రెట్టింపు నీళ్లను సగం వేగంతో నెట్టినా అదే బలం వస్తుంది, శక్తి మాత్రం సగమే ఖర్చవుతుంది. అందుకే పెద్ద ఫ్యాను, మెల్లగా తిరగడం. అవుట్‌బోర్డ్ సన్నకాలుకు అంత ఫ్యాను తగిలించలేం.

తూకం వేసేటప్పుడు మనం మరిచిపోయేది ఆయిలు, అంటే ఇంజను తాగే ఇంధనం. ఒక హార్స్ పవర్‌తో గంట నడపాలంటే డీజిలు ఇంజనుకు సుమారు 160 గ్రాములు చాలు. పాత టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌కు దాదాపు దానికి రెట్టింపు, ఎందుకంటే అందులో కొంత ఇంధనం కాలకుండానే పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. పది హార్స్ పవర్ బోటులో గంటకు తేడా 1.6 కిలోలు. డీజిలు ఇంజను 100 కిలోలు ఎక్కువ బరువనుకుంటే, ఆ తేడా తీరడానికి 60 గంటలు పైనే పడుతుంది. తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చే బోటుకు అవుట్‌బోర్డే తేలిక, సందేహం లేదు. అదే 100 హార్స్ పవర్ మర బోటులో గంటకు 16 కిలోలు. ఇంజన్ల తేడా 500 కిలోలనుకున్నా, 31 గంటలు పూర్తి జోరుతో నడిచేసరికి సరిపోతుంది. వారం రోజుల వేటకు తేలిక ఇంజను తగిలిస్తే ఆ తేలికదనాన్ని పీపాల్లో మోసుకెళ్లాలి.

ఈ రెండు గుణాలూ ఒకే బోటులో కలపాలని ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 1980లలో మద్రాసు కేంద్రంగా పనిచేసిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ (చిన్న మత్స్యకారుల కోసం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నడిపిన పథకం) వాళ్లు మన తూర్పు తీరం కోసమే ఒడ్డుకు ఎక్కే బోట్లు తయారు చేశారు. చిన్న డీజిలు ఇంజను బోటు లోపలే ఉంటుంది, ఒడ్డు దగ్గర పడగానే ఇంజనుతో సహా ఇరుసును, ఫ్యానును పైకి వంచేయవచ్చు. తక్కువ ఆయిలుతో నడుస్తుంది, ఇసుకకూ భయపడదు. హార్బరు లేని తీరానికి ఇంత చక్కగా కుదిరిన ఆలోచన మరొకటి నాకు తెలియదు.

మళ్లీ ఫైబర్ బోటు దగ్గరికి వస్తే, దాన్ని పైకి లాగాక ఆ 40 కిలోల అవుట్‌బోర్డ్‌ను విప్పి భుజాన ఇంటికి తీసుకుపోవచ్చు. ఇంటి ముందు డ్రమ్ములో మంచినీళ్లు నింపి, కాలు అందులో ముంచి కాసేపు నడిపితే, పక్కనున్న సన్న రంధ్రంలోంచి దారంలా నీళ్లు చిమ్ముతాయి. పొద్దుటి నుంచి ఇంజనును చల్లబరచిన సముద్రపు నీటి ఉప్పంతా ఆ ధారతో బయటికి పోతుంది.