కొఠియా: రెండు రాష్ట్రాల తగువులో వినిపించని కువి

సాలూరు నుంచి ఘాట్ రోడ్డెక్కి, ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ తమవేనంటున్న కొఠియా ఊళ్ల వైపు వెళ్తే బోర్డులు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో కనిపిస్తాయి. ఇళ్లలో మాట్లాడుకునేది మాత్రం ఎక్కువగా కోదు గిరిజనుల భాష కువి. అల్లం, పసుపు అమ్ముకోవడానికి కిందికి దిగితే తెలుగు కావాలి, ఒడిశా వైపు పొట్టంగి ఆఫీసుకు వెళ్తే ఒడియా కావాలి. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు దాచుకున్నవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు.

దీని మూలం 1936లో ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖ ఏజెన్సీ నుంచి జయపురం ప్రాంతాన్ని విడదీసి అందులో కలిపారు. భాష పేరు మీద గీసిన గీత అది. కానీ కొండ మీది కోదుల భాష ఒడియా కాదు, తెలుగూ కాదు. కువి కూడా ద్రావిడ భాషే, తెలుగుకు దగ్గరి చుట్టం. ఇంటిని వాళ్లూ ‘ఇల్లు’ అనే అంటారు. ఇంత దగ్గరి భాష గురించి మన పిల్లలకు ఒక్క ముక్కైనా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ తర్వాత జరిగిన సర్వేల్లో కొఠియాలోని 21 గ్రామాలు ఎటూ చేరకుండా మిగిలిపోయాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఎక్కడివక్కడే ఉంచమని కోర్టు చెప్పింది. 2006లో ఆ దావా తన ముందు నిలవదని కొట్టేసింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టింది. కోర్టు ఆదేశాన్ని మీరారంటూ ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టులో ధిక్కార పిటిషన్ వేసింది.

రెండు వైపులా పథకాలు వస్తున్నాయి కదా, వాళ్లకేం లోటు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. బియ్యం రెండు చోట్ల నుంచి తెచ్చుకోవచ్చు. పోడు భూమికి పట్టా కావాలంటే మాత్రం అది ఇవ్వాల్సింది ఎవరన్న దగ్గరే పని ఆగుతుంది. పిల్లను బడిలో వేసే రోజున తెలుగా, ఒడియానా అన్నది తేల్చుకోక తప్పదు. ఆరేళ్ల పిల్లకు రెండూ పరాయి భాషలే. టీచరు ‘కూర్చో’ అంటే పక్కవాళ్లను చూసి కూర్చుంటుంది.

అలాగని ప్రభుత్వాలకు దారి తెలియదనలేం. ప్రాథమిక స్థాయిలో తల్లి భాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని 1956లో చేర్చిన 350ఎ అధికరణం రాష్ట్రాలను కోరుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. 2007లో ఒడిశా పది భాషలతో మొదలుపెట్టింది. రెండు జాబితాల్లోనూ కువి ఉంది. కొఠియా ఎవరిదని ఇన్నేళ్లు కొట్లాడిన రెండు రాష్ట్రాలూ, ఆ ఊళ్ల బళ్లలో కువి వచ్చిన టీచర్లను పెట్టడానికి కోర్టు తీర్పు కోసం ఆగాల్సిన పని లేదు.