సర్కారు బడి ఫీజు మీడియాన్ని బట్టి మారదు: అపోహలు - వాస్తవాలు

"మా పిల్లగాణ్ని ఇంగ్లీష్ మీడియంల ఎయ్యాలంటే ఎంత కట్టాలె సార్?" పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమంలో వరంగల్ చుట్టుపక్కల పరకాల వైపు పోయినా, నర్సంపేట వైపు పోయినా ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే.

అపోహ: సర్కారు బడిలో తెలుగు మీడియమే ఉచితం.

ఏమీ కట్టనక్కర్లేదు. ఫీజు తేలేది బడి ఎవరిదన్న దాన్ని బట్టి. బోర్డు మీద ఎంపీపీఎస్ (మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల), జెడ్పీహెచ్‌ఎస్ (జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల) లేదా ప్రభుత్వ పాఠశాల అని ఉంటే తెలుగైనా, ఇంగ్లీషైనా, ఉర్దూ అయినా ట్యూషన్ ఫీజు లేదు, అడ్మిషన్ ఫీజు లేదు. పుస్తకాలు ఉచితం, రెండు జతల యూనిఫాం, పది దాకా మధ్యాహ్న భోజనం. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టాక పుస్తకాలూ మారాయి: ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు కట్టే 125 రూపాయలు పరీక్ష ఫీజు, బడి ఫీజు కాదు.

అపోహ: ప్రైవేటులో వేస్తే రీయింబర్స్‌మెంట్ వస్తుంది.

నిండా ముంచేది ఈ మాటే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంటర్ నుంచే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు డ్రా తీసి ప్రైవేటు బడిలో సీటిచ్చే బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం వేరు. అది తప్ప ఎవరో చెప్పారని చేర్పిస్తే దసరా నాటికి బకాయి పేరుకుంటుంది, బడి మారదామంటే టీసీ ఆపుతారు. భయపడి వడ్డీకి అప్పు తేకండి. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఎనిమిది దాకా టీసీ ఆలస్యమైందని సర్కారు బడి అడ్మిషన్ ఆపకూడదు. ఆధార్, పుట్టినతేదీ పత్రం, పాత ప్రోగ్రెస్ కార్డు పట్టుకెళ్లండి. పెన్ నంబరు (పిల్లవాడికిచ్చే శాశ్వత విద్యా సంఖ్య) తప్పకుండా రాసుకోండి, బడుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్‌లో పిల్లవాడి పేరు కొత్త బడికి మార్చేది దాంతోనే. పాత బడి ఆ పేరును ఆన్‌లైన్‌లో వదలకపోతే ఎంఈఓకు (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. తొమ్మిది, పదికి మాత్రం టీసీ కావాలి, కాబట్టి మారేదుంటే ఎనిమిది అయ్యేలోపే మారండి.

ఇక మైనారిటీ గురుకులాలు. వరంగల్ మండిబజారులో చాలామంది అనుకుంటున్నట్టు అవి ఉర్దూ మీడియం కావు, బోధన ఇంగ్లీషులోనే. వసతి, భోజనం ఉచితం. నాలుగో వంతు సీట్లు ఇతరులకూ ఉంటాయి.