వేరు మీది తెల్లటి నూగు

పిల్లలూ,

ముల్లంగి గింజలు మొలకెత్తినప్పుడు వేరు చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తుంది. బూజు పట్టిందనుకుని చాలామంది ఆ మొలకల్ని పారేస్తారు. మీరు మాత్రం పారేయకండి. అవి మూలకేశాలు. మట్టిలోంచి నీళ్లూ ఖనిజాలూ మొక్కలోకి చేరే ముఖ్యమైన దారుల్లో ఆ నూగు ఒకటి.

ముందు చూడండి, తర్వాత చదవండి. మూత ఉన్న డబ్బా అడుగున నల్ల గుడ్డను రెండు మడతలు వేసి తడపండి. పిండితే చుక్క రాలనంత తడి చాలు. పది గింజలు ఎడంగా పరిచి, మూత పెట్టి, వెచ్చటి నీడలో ఉంచండి. రెండు మూడు రోజుల్లో నూగు వస్తుంది. గుడ్డ మీద నీళ్లు నిలిచాయా, సరిగా రాదు. నీట మునిగిన వేళ్లకు చాలా మొక్కల్లో మూలకేశాలు తక్కువ. మూత తీసి గాలికి వదిలేస్తే కాసేపట్లోనే వాడి వేరుకు అతుక్కుపోతాయి. బూజుకీ వీటికీ తేడా తేలికే. మూలకేశాలు వేరు మీద మాత్రమే, సీసాలు కడిగే బ్రష్షులా అన్ని వైపులా నిలబడతాయి. బూజు గింజ పొట్టు మీద కూడా పాకుతుంది, ఒక గింజ నుంచి ఇంకో గింజకు దారాలు లాగుతుంది.

ఇప్పుడు భూతద్దంతో వేరు కొస నుంచి పైకి చూసుకుంటూ రండి. కొస నున్నగా ఉంటుంది. కాస్త పైన పొట్టి కేశాలు, ఇంకా పైన పొడుగువి. పొట్టివి ఈ పూట పుట్టినవి, పొడుగువి వాటికంటే ముందువి. కొసన ఎందుకు ఉండవంటారా? అక్కడ వేరు సాగుతూ మట్టిలోకి దూసుకుపోతోంది. ఆ చోట కేశాలుంటే మట్టి రేణువులకు తగిలి తెగిపోతాయి. సాగడం ఆగిన చోటే మొలవడం మొదలు.

ఒక్కో కేశం ఒకే ఒక్క కణం. వేరు పైపొరలో ఒక కణం గోడ చిన్న బొడిపెలా ఉబ్బి, గొట్టంలా సాగుతుంది. అది మొదలు దగ్గర కాదు, కొస దగ్గరే పెరుగుతుంది. గోడ కట్టే సరుకు చిన్న చిన్న సంచుల్లో ఆ చివరికి చేరుతుంటుంది, కేంద్రకం కూడా వెనకే నడుస్తుంది. వేగం నిమిషానికి సుమారు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే ఒక మిల్లీమీటరుకి పదహారు పదిహేడు గంటలు. మందం పది మైక్రాన్లు, మన తలవెంట్రుకలో ఏడో వంతో పదో వంతో. సన్నదనం వల్లే వేరు దూరలేని సందుల్లోకి అది దూరగలదు. 1937లో డిట్మర్ అనే శాస్త్రవేత్త నాలుగు నెలల రై (గోధుమ లాంటి ధాన్యం) మొక్క ఒక్కదానికి సుమారు 1,400 కోట్ల మూలకేశాలున్నాయని లెక్కగట్టారు. అన్నీ కలిపితే పొడవు 10,000 కిలోమీటర్లు దాటింది.

ఇన్ని ఎందుకంటే, ముఖ్యంగా భాస్వరం కోసం. అది మట్టి రేణువులను పట్టుకుని కూర్చుంటుంది, నీటితో పాటు కదిలి రాదు. వేరు పక్కన ఉన్నది త్వరగా ఖాళీ అయిపోతుంది, ఆ తర్వాత మొక్కే వెతుక్కుంటూ వెళ్లాలి. భాస్వరం తక్కువైన మట్టిలో చాలా మొక్కలు కేశాలను ఇంకా పొడుగ్గా, ఇంకా ఒత్తుగా పెంచుతాయి. నారు పీకి నాటినప్పుడు మొక్క వాడిపోవడానికి ఒక పెద్ద కారణం కూడా ఇక్కడే ఉంది. పీకినప్పుడు ఈ కేశాలు తెగి మట్టిలోనే మిగిలిపోతాయి. అందుకే మట్టిగడ్డతో సహా తీయాలి, పొద్దువాలాక నాటాలి.

వేళ్లు చక్కెరలు, ఆమ్లాలు మట్టిలోకి వదులుతాయి. ఆ తిండికి బ్యాక్టీరియా మూగుతాయి. దూరపు మట్టితో పోలిస్తే వేరు పక్కన పదింతల నుంచి వందింతల దాకా ఎక్కువ. వాటిలో రైజోబియం అనే బ్యాక్టీరియా చిక్కుడు జాతి మొక్కలతో చేసే బేరం నాకు అన్నిటికంటే అపురూపం. అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది, మొక్క దానికి చక్కెర ఇస్తుంది.

నత్రజని చాలనప్పుడు మొక్క ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను వదులుతుంది. తనకు తగిన ఫ్లేవనాయిడ్ తగలగానే రైజోబియం 'నాడ్ ఫ్యాక్టర్'తో బదులు పలుకుతుంది. రొయ్య పెంకులో ఉండే కైటిన్ ముక్కకు కొవ్వు తోక తగిలించినట్టుంటుంది అది. దాని నిర్మాణాన్ని 1990లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేల్చారు. లీటరు నీటిలో గ్రాములో పదిలక్షో వంతు ఉన్నా చాలు, కేశానికి తెలిసిపోతుంది. అంతే, నిటారుగా పోతున్న కేశం కొస గొడుగు పిడిలా వంగి, బ్యాక్టీరియాను ఆ వంపులో బంధిస్తుంది. అక్కడ కేశం గోడే లోపలికి మడిచినట్టు గొట్టంగా మారుతుంది. బ్యాక్టీరియా రెట్టింపవుతూ ఆ గొట్టంలో వరసగా లోపలికి నడుస్తాయి. అవి చేరేసరికే వేరు లోపలి కణాలు విభజన మొదలుపెట్టి బుడిపె కడుతుంటాయి.

చాలా గొట్టాలు మధ్యలోనే ఆగిపోతాయి. ఎన్ని బుడిపెలు కావాలో నిర్ణయించేది మొక్కే. వాటిని పోషించడానికి చక్కెర ఖర్చవుతుంది మరి. మట్టిలో నత్రజని ఎరువు దండిగా ఉంటే పిలుపే తగ్గిపోతుంది.

పెసర మొక్కను అయిదు వారాల వయసులో తీసి చూడండి. పీకితే బుడిపెలు రాలిపోతాయి, చుట్టూ తవ్వి నీళ్లలో నానబెట్టి కడగండి. ఒక బుడిపెను బ్లేడుతో (పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని) రెండు ముక్కలు చేయండి. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతోంది. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. నత్రజనిని పట్టే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది, బ్యాక్టీరియాకేమో ఊపిరికి ఆక్సిజన్ కావాలి. దాన్ని పట్టి ఉంచి, కొలిచినట్టు అందించేది ఈ లెగ్‌హిమోగ్లోబిన్. లోపల తెల్లగా ఉంటే బుడిపె ఇంకా లేతది, లేదా పనికిరాని రకం చేరింది. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే దాని పని అయిపోయింది. వేలితో రుద్దితే ఊడిరాకుండా వేరే ఉబ్బినట్టుంటే అది రైజోబియం బుడిపె కాదు, నులిపురుగుల కణితి అయి ఉంటుంది.

వేరుశనగ దొరికితే దాన్నీ పక్కన పెట్టి చూడండి. దానికి మామూలు మూలకేశాలు దాదాపు ఉండవు. పక్కవేరు పైపొరను చీల్చుకుని బయటికొచ్చే చోట పడే పగుళ్లలోంచి అక్కడ రైజోబియం దూరుతుంది. అందుకే దాని బుడిపెలు ఎక్కడ పడితే అక్కడ కాక, పక్కవేళ్ల మొదళ్లలోనే గుచ్చినట్టు కనిపిస్తాయి.

ప్రేమతో,
మీ తాతయ్య