స్వచ్ఛంద సంస్థలో ఐటీ వ్యవస్థల ఆడిట్: అపోహలు - వాస్తవాలు

స్వచ్ఛంద సంస్థల్లో సమాచార వ్యవస్థల ఆడిట్లు చేయడం నా వృత్తి. ఆడిట్ మొదలయ్యేలోపు కార్యదర్శులు, కోశాధికారులు నాతో అనే మాటలు ఊరు మారినా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. వాటిలో కొన్ని ఖర్చుకు భయపడి అన్నవి, కొన్ని మనుషుల మీది నమ్మకంతో అన్నవి, ఒకటి రెండు మా వృత్తిలోని వాళ్ళే ప్రచారంలో పెట్టినవి. ఆడిట్ ఏర్పాటు చేసుకోవాలనుకుంటున్న ట్రస్టులు, సొసైటీలు, సెక్షన్ 8 కంపెనీల (కంపెనీల చట్టం కింద నమోదైన లాభాపేక్ష లేని సంస్థల) బాధ్యులకు ఉపయోగపడతాయని ఆ మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఏటా సీఏ గారు ఆడిట్ చేస్తారు కాబట్టి కంప్యూటర్లు కూడా అందులోనే వస్తాయి.

వాస్తవం: రావు. ఆదాయ వ్యయాల పట్టిక, ఆస్తి అప్పుల పట్టిక సంస్థ స్థితిని సరిగా చూపుతున్నాయా లేదా అన్నది సీఏ తేల్చే విషయం. ఆ అంకెలు పుట్టిన కంప్యూటరులోకి ఎవరెవరు ప్రవేశించగలరు, నిరుడు నమోదైన రశీదును ఈ రోజు మార్చితే ఆనవాలు మిగులుతుందా అన్నవి వేరే ప్రశ్నలు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ, అంటే సెక్షన్ 8 కంపెనీలు కూడా, ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. ట్రస్టులకు, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంస్థలకు కంపెనీల చట్టం వర్తించదు కనుక ఆ నియమమూ లేదు. అందువల్ల వాటి టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్, అంటే మార్పుల నమోదు, పనిచేస్తోందా అని అడిగేవారే సాధారణంగా ఉండరు.

ఈ తేడా ఎంతటిదో ఒక అనుభవం చెబితే సులభంగా అర్థమవుతుంది. 80జీ మినహాయింపు ఉన్న సంస్థలు, అంటే తమకిచ్చిన విరాళంపై దాతకు పన్ను మినహాయింపు దొరికే సంస్థలు, 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి దాతల వివరాలను పాన్ నంబర్లతో సహా 10బీడీ పత్రంలో మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, ఒక్కొక్క దాతకు 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాల్సి వచ్చింది. నేను ఏ సంస్థకు వెళ్ళినా బ్యాంకు స్టేట్‌మెంటులోంచి ఏవో ఇరవై ఐదు జమలను ఎంచుకుని, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ విరాళాలను వసూలు చేసి బ్యాంకుకు చేర్చే సేవ) లెక్క మీదుగా రశీదు వరకు, రశీదు నుంచి 10బీడీ వరకు వెంబడిస్తాను. ఒకచోట మొత్తం రూపాయితో సహా సరిపోయింది, దాతల సంఖ్యా సరిపోయింది, పదకొండో వరుస నుంచి పాన్ నంబర్లు మాత్రం ఒకరివి మరొకరికి చేరాయి. ఎక్సెల్‌లో పేర్ల నిలువు వరుసను ఒక్కదాన్నే అక్షర క్రమంలో పెట్టి, పక్క వరుసలను కదపకుండా వదిలేశారు. మొత్తం మారలేదు కాబట్టి లెక్కల ఆడిట్‌లో అది దొరికే అవకాశం తక్కువ. పన్ను మినహాయింపు అందని దాతలు ఫోన్ చేసేవరకు సంస్థకూ తెలియదు.

అపోహ: మాది చిన్న సంస్థ, మా దగ్గర ఏముందని ఎవరైనా వస్తారు?

వాస్తవం: డబ్బు తక్కువే ఉండవచ్చు, సమాచారం మాత్రం చాలా సున్నితమైనది. బాలల సంరక్షణ గృహంలో ప్రతి పిల్లవాడి ఫైలూ ఉంటుంది. ఆ పిల్లల గుర్తింపును ప్రసార సాధనాల్లో వెల్లడించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. హెచ్‌ఐవీ బాధితుల వివరాలు నమోదు చేసి ఉంచే ప్రతి సంస్థా ఆ సమాచారానికి రక్షణ చర్యలు తీసుకోవాలని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. ఇవి చాలవన్నట్టు, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో లాభాపేక్ష లేని సంస్థలకు ఆ కారణంగా మినహాయింపు ఏమీ ఇవ్వలేదు. నమోదైన సంస్థా కాదా అన్న తేడా కూడా చూడలేదు. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అమలు కావడానికి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. తగిన భద్రతా ఏర్పాట్లు లేకపోతే జరిమానా రూ. 250 కోట్ల వరకు ఉండవచ్చు. ఆ అంకె చూపించి సంస్థలను భయపెట్టే సలహాదారులను నేను సమర్థించను, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. అయితే కాగితం మీద తీసుకున్న దరఖాస్తును స్కాన్ చేసి కంప్యూటరులో పెట్టుకున్నా చట్టం వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు.

సేవా సంస్థ అని దాడి చేసేవాళ్ళు జాలి చూపరు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్లలోకి 2021 నవంబరు 9న చొరబడినవారిని 2022 జనవరి 18 వరకు ఎవరూ గుర్తించలేదు, ఐదు లక్షల పదిహేను వేలకు పైగా వ్యక్తుల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. చొరబాటుకు దారి, ఒక సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి వచ్చిన సవరణను సకాలంలో వేసుకోకపోవడమేనని ఆ సంస్థే బహిరంగంగా ఒప్పుకుంది. దాతల వివరాల నిర్వహణ సాఫ్ట్‌వేర్ అందించే బ్లాక్‌బాడ్ అనే అమెరికా కంపెనీపై 2020లో జరిగిన దాడిలో 13 వేలకు పైగా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. వాళ్ళలో చిన్నాపెద్దా స్వచ్ఛంద సంస్థలు ఎన్నో ఉన్నాయి, తమ కార్యాలయంలో ఏ తప్పూ చేయనివాటితో సహా. కాబట్టి ఆడిట్ పరిధిలో మీ గుమాస్తా కంప్యూటరుతో పాటు, మీ సమాచారం ఎవరి దగ్గర ఉందో ఆ కంపెనీలతో మీరు చేసుకున్న ఒప్పందాలు కూడా ఉండాలి.

అపోహ: మావన్నీ క్లౌడ్‌లోనే, అంటే ఇంటర్నెట్‌లో వేరే కంపెనీ సర్వర్లలోనే, ఉన్నాయి, ఆడిట్ చేయడానికేముంది?

వాస్తవం: క్లౌడ్ కంపెనీ తన యంత్రాలకు బాధ్యత వహిస్తుంది. ఆ ఖాతా తాళం ఎవరి దగ్గర ఉందన్నది మీ బాధ్యత. నా అనుభవంలో చిన్న సంస్థల ఆడిట్లలో సగం సమయం ఈ తాళాల లెక్కకే పోతుంది. సంస్థ డొమైన్ పేరు (వెబ్‌సైటు చిరునామా) ఎవరి మెయిల్‌తో కొన్నారు? చాలాసార్లు ఎనిమిదేళ్ల కిందట వెబ్‌సైటు చేసిచ్చి, ఇప్పుడు విదేశంలో స్థిరపడిన వాలంటీరు సొంత జీమెయిల్‌తో. గేట్‌వేలో జమలు పడే బ్యాంకు ఖాతాను మార్చే అధికారం ఎవరికి ఉంది? తరచూ వినిపించే జవాబు, "అందరికీ ఒకటే లాగిన్ అండీ."

ఒక జిల్లా కేంద్రంలోని సంస్థలో ఓటీపీలు ఎక్కడికి వస్తాయని అడిగితే, కోశాధికారి బల్ల సొరుగు లాగి రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ల ఫోను ఒకటి తీశారు. బ్యాంకుకు, ఆదాయపు పన్ను పోర్టల్‌కు, విదేశీ విరాళాల పోర్టల్‌కు, మెయిల్‌కు అన్నింటికీ ఆ నంబరే ఉంది. సిమ్ మాత్రం నాలుగేళ్ల కిందట మానేసిన అకౌంటెంటు పేరు మీద ఉంది. సొరుగుకు తాళం లేదు, ఎందుకంటే కోశాధికారి లేని రోజు ఎవరో ఒకరు ఓటీపీ చూడాలి కదా. ఆ కార్యాలయంలో మంచి యాంటీవైరస్ ఉంది, రూటరు పాస్‌వర్డ్ మార్చారు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి.

ఈ లెక్కకు గొప్ప సాధనాలేవీ అక్కరలేదు. ప్రతి వ్యవస్థలోని వాడుకరుల జాబితాను ముద్రించి, హాజరు పట్టీ పక్కన పెట్టి పోల్చితే చాలు. జాబితాలో ఉండి పట్టీలో లేని ప్రతి పేరూ ఆడిట్ నివేదికలో ఒక వరుస అవుతుంది.

అపోహ: ఐటీ ఆడిట్ అంటే హ్యాకింగ్ పరీక్ష.

వాస్తవం: అది ఆడిట్‌లో ఒక భాగం కావచ్చు, కాకపోనూ వచ్చు. వెబ్‌సైటులో విరాళాలు నేరుగా తీసుకుంటున్న సంస్థకు అవసరం, ఫేస్‌బుక్ పేజీ మాత్రమే ఉన్న సంస్థకు దండగ. చేయించేటట్లయితే కార్యవర్గం రాతపూర్వక అనుమతి, వెబ్‌సైటును తన సర్వర్లలో ఉంచే హోస్టింగ్ కంపెనీ నిబంధనల పరిశీలన ముందే పూర్తి కావాలి.

అపోహ: వెబ్‌సైటు చేసిన అబ్బాయే చూసిపెడతాడు.

వాస్తవం: తన పనిని తానే తనిఖీ చేసుకునేవాడిని ఆడిటర్ అనరు. ట్రస్టీ గారి బంధువు ఉచితంగా చేస్తానన్నా ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే అతడు రాయలేని వాక్యాలు కొన్ని ఉంటాయి. సీఏలలో డీసా (సమాచార వ్యవస్థల ఆడిట్‌లో సీఏల సంస్థ ఇచ్చే అర్హత) ఉన్నవారు, సీసా (అదే పనికి అంతర్జాతీయ ధ్రువీకరణ) పొందినవారు ఈ పని చేస్తారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో వెతికితే దొరుకుతారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తించిన జాబితాలోని సంస్థ చేతనే చేయించాలా అన్నది మీ నిధుల ఒప్పందంలో ఆ షరతు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సంతకం పెట్టే ముందు చదివి చూసుకోండి. అర్హత కంటే ముందు నేను చూడమని చెప్పేది ఒకటుంది: ఆ వ్యక్తి గతంలో రాసిన నివేదికను పేర్లు తీసేసి ఒకటి చూపించమనండి. అది మీ కార్యదర్శికి అర్థం కాకపోతే, అతడు ఎంత పండితుడైనా మీకు పనికిరాడు.

అపోహ: బ్యాకప్ రోజూ జరుగుతోంది.

వాస్తవం: జరుగుతున్నది బ్యాకపా, బ్యాకప్ జరిగిందన్న సందేశమా? నేను అడిగేది ఒక్కటే, నా ఎదుట ఒక ఫైలును తిరిగి తెప్పించమంటాను. ఒక సంస్థలో హార్డ్ డిస్క్ సర్వరు పక్కనే, అదే బల్ల మీద ఉంది, దాని ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. తెరిచి చూస్తే నాలుగు నెలలుగా ప్రతి రాత్రీ ఒక ఫైలు తయారవుతోంది, ప్రతి ఫైలు పరిమాణం సున్నా. డిస్క్ నిండిపోయిన రోజు నుంచి అలాగే సాగింది. ఆ డిస్క్ బాగున్నా, నీళ్ళొచ్చినా నిప్పంటుకున్నా రెండూ ఒకేసారి పోయేవి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి కార్యాలయం బయట అన్న పాత నియమాన్ని మించినది ఇప్పటికీ నాకు కనిపించలేదు.

అపోహ: ఇది పెద్ద సంస్థలకు సరిపోయే ఖర్చు.

వాస్తవం: ఖర్చును నిర్ణయించేది ఏమేం చూడాలో మీరు రాసే పరిధి పత్రం. "మా ఐటీ అంతా చూడండి" అని పిలిస్తే ఐఎస్ఓ 27001 అనే అంతర్జాతీయ సమాచార భద్రతా ప్రమాణంలోని 93 నియంత్రణల జాబితా పట్టుకుని వస్తారు, దాని బిల్లు దానికి తగ్గట్టే ఉంటుంది. పదిహేను మంది సిబ్బంది ఉన్న సంస్థకు అది అక్కరలేదు. చిన్న సంస్థల కోసమే సీఐఎస్ కంట్రోల్స్ అనే భద్రతా చర్యల జాబితా ఎనిమిదో రూపంలో మొదటి అంచెగా 56 అంశాలను విడదీసి ఉచితంగా ఇచ్చారు. వాటిలోంచి దాతల సమాచారం, లబ్ధిదారుల సమాచారం, డబ్బు కదలిక, బ్యాకప్ అనే నాలుగింటికి సంబంధించినవి ఎంచుకుని పరిధి రాస్తే మూడు నాలుగు రోజుల పని. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలకు 2020 సవరణ తరువాత పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు కాబట్టి, కొత్త ప్రాజెక్టు ప్రతిపాదన రాసేటప్పుడే ఈ ఖర్చును ఏ పద్దులో చూపాలో దాతతో, సీఏతో మాట్లాడి రాయించుకోవడం మేలు.

ఏ నెలలో పిలవాలన్నది కూడా ఖర్చులో భాగమే. మార్చిలో ఖాతాల ముగింపు, మేలో 10బీడీ, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆడిట్ నివేదికలు, డిసెంబరులో విదేశీ విరాళాల వార్షిక లెక్క ఎఫ్‌సీ-4. ఈ నెలల్లో వస్తే అకౌంటెంటు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పే పరిస్థితి ఉండదు, ఆడిటర్ రోజులు వృథాగా లెక్కకెక్కుతాయి. జూలైలోనో, జనవరి చివరనో పెట్టుకోండి.

అపోహ: ఆడిటర్‌కు పాస్‌వర్డ్‌లన్నీ ఇవ్వాలి.

వాస్తవం: ఒక్కటీ ఇవ్వకూడదు. చూడటానికి మాత్రమే వీలున్న ప్రత్యేక ఖాతా తెరిచి, పని ముగిసిన రోజునే మూసేయాలి. మిగతావి మీ సిబ్బంది తెరిచి చూపుతుంటే ఆడిటర్ పక్కన కూర్చుని చూస్తాడు. గోప్యతా ఒప్పందం మీద సంతకం కాకముందు లబ్ధిదారుల ఫైలును నమూనాగా కూడా మెయిల్ చేయవద్దు. పాస్‌వర్డ్ అడిగిన ఆడిటర్‌ను మర్యాదగా పంపించేయండి.

అపోహ: నివేదికలో తప్పులు వస్తే దాతలు దూరమవుతారు.

వాస్తవం: లోపాలేవీ లేవన్న నివేదికను అనుభవమున్న దాత నమ్మడు. ముసాయిదా వచ్చాక ప్రతి లోపం ఎదుట సంస్థ తన జవాబు రాయాలి: ఒప్పుకుంటున్నామా, ఎవరు సరిచేస్తారు, ఏ తేదీలోపు. "ఐటీ విభాగం" అని రాస్తే కుదరదు, మనిషి పేరు ఉండాలి. సరిచేయలేనిదైతే, ఎందుకు సరిచేయడం లేదో కార్యవర్గం తీర్మానంలో ఉండాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కంప్యూటర్లన్నీ ఒకేసారి మార్చే స్తోమత చాలా సంస్థలకు లేదు, అది దాచుకోవాల్సిన విషయమూ కాదు. వాటిలో దాతల, పిల్లల వివరాలున్నవాటిని ముందు మార్చి, మిగిలినవాటికి తేదీ వేస్తే నా దృష్టిలో అది సరైన జవాబే. నివేదిక కార్యదర్శి బీరువాలోకి కాక కార్యవర్గ సమావేశం బల్ల మీదికి రావాలని ఒప్పందంలోనే రాయించుకుంటాను, మూడు నెలల తరువాత సగం రోజు పునఃపరిశీలనను కూడా అందులోనే చేర్చుతాను.

ఓటీపీల ఫోన్ ఉన్న సంస్థకు అలాగే మళ్ళీ వెళ్ళాను. ఫోన్ ఆ సొరుగులోనే ఉంది, రబ్బరు బ్యాండుతో సహా. సిమ్ సంస్థ పేరుకు మారింది, సొరుగుకు తాళం పడింది, ఫోన్ తీసినవారు తేదీ, సమయం, పని రాయడానికి పక్కన ఒక నోటు పుస్తకం పెట్టారు. మొదటి పేజీ అప్పటికే సగం నిండింది.